ఆ రెండు రోజులూ పొయ్యి ముట్టించలేదు

ఆదివారం అంటే పిల్లలకు పండగ. మావారికి సగం పండగ. మరి మన సంగతి? ఆలస్యంగా లేచేవాళ్లకు ఆలస్యంగా టిఫిను, పిల్లల తలంట్లు, వారం రోజుల బట్టలు, మధ్యాహ్నం కోడికూర, సాయంత్రం ఎవరో ఒక చుట్టం! సోమవారం వచ్చిందంటే 'హమ్మయ్య' అనుకునేది మా ఇంట్లో నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. కాదట. మా అత్తమ్మ నలభై అయిదేళ్లుగా అలాగే అనుకుంటోందట. ఆ సంగతి నాకు ఇంట్లో తెలియలేదు. లక్నవరం చెరువు నడుమ, ఒక దీవి మీద కూర్చున్నప్పుడు తెలిసింది.

మాది జనగామ జిల్లా కొడకండ్ల. చేనేత ఇల్లు. ముందుగదిలో మామయ్య నేసిన గుంట మగ్గం ఇంకా ఉంది. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు దాని మీద మావారు నేస్తారు. నేను పక్కగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడతాను. అత్తమ్మ కండెలు చుడుతుంది. పొద్దున లేచింది మొదలు ఆమె చేతిలో అయితే చీపురు, లేకపోతే గరిటె, లేకపోతే రాట్నం. ఖాళీ చెయ్యి నేనెప్పుడూ చూడలేదు.

దీవి అంటే మాల్దీవులేనా?

ఈ ప్రయాణానికి కారణం మా అమ్మాయి. ఎనిమిదో తరగతి. ఒకరోజు నా ఫోనులో మాల్దీవుల ఫొటోలు చూస్తూ "మమ్మీ, మనం ఒక్క దీవికన్నా పోయినమా?" అంది.

మావారు మగ్గం మీద నుంచే నవ్వారు. "మాల్దీవులకు పోవాలంటే ఈ మగ్గమే కాదు, ఇల్లు కూడా అమ్మాలె బిడ్డా!"

జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన పక్కింటి వదిన ఊరుకోలేదు. "దీవి కావాలంటే విమానమెక్కాల్నా? మన లక్నవరంల లేవా దీవులు?" అంది.

నిజమే కదా! 2016లో జిల్లాలు విడిపోకముందు కొడకండ్లా, లక్నవరం రెండూ వరంగల్ జిల్లాలోవే. ఇప్పుడది ములుగు జిల్లాలో, గోవిందరావుపేట మండలంలో ఉంది. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో తవ్విన చెరువు. తవ్వడం అని అలవాటుగా అంటాం గానీ, నిజానికి వాళ్లు చేసింది కట్టలు కట్టడం. చుట్టూ గుట్టలుంటే, వాటి మధ్య ఉన్న మూడు ఇరుకు దారులను చిన్న చిన్న కట్టలతో మూసేశారు. గుట్టలే గోడలయ్యాయి. లోపల నీళ్లు నిండితే ఎత్తుగా ఉన్న గుట్టలు మునగకుండా పైకి మిగిలాయి. అవే దీవులు! మొత్తం 13 ఉన్నాయని చెబుతారు. పర్యాటక శాఖ వాళ్లు ఉయ్యాల వంతెన వేసి, దీవి మీద ఉండడానికి గదులు కట్టారు. 2024 నవంబరులో మూడో దీవి మీద కూడా కొత్త విడిది తెరిచారు.

రెండు దసరాల జాకెట్ల డబ్బులు చిట్టీలో వేసి దాచుకున్నాను. "ఖర్చు నాది. కార్తీకం వెళ్లాక, డిసెంబరులో ఒక శనాదివారాలు పోదాం" అన్నాను. పిల్లలు ఎగిరి గంతేశారు.

ఒకే ఒక్క షరతు

ఇక్కడొక మాట చెప్పాలి. మేమసలు ఊళ్లు తిరగని వాళ్లమేమీ కాదు. వేములవాడ వెళ్లాం, భద్రాచలం వెళ్లాం, మేడారం జాతరకు మూడుసార్లు వెళ్లాం. కానీ ప్రతిసారీ మాతోపాటు గ్యాసు పొయ్యి, కుక్కరు, బియ్యం సంచి, ఉల్లిగడ్డలు, నూనె డబ్బా కూడా ప్రయాణం చేశాయి. మేడారంలో మావారు, పిల్లలు జంపన్నవాగులో స్నానాలు చేసి వచ్చేసరికి నేనూ అత్తమ్మా చెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి ముందు పొగలో కళ్లు తుడుచుకుంటున్నాం. గద్దెలకు దండం పెట్టుకున్నాం, అంతే. మిగతా జాతరంతా అన్నం గిన్నె మీద మూత చూస్తూ గడిచింది. మీలో చాలామందికి ఇది కొత్త కథ కాదనుకుంటాను.

అందుకే ఈసారి ఒకే షరతు పెట్టాను. "పొయ్యి రాదు. గిన్నె రాదు. చాయ్ పొడి కూడా రాదు."

మావారు "బయటి తిండి పిల్లలకు పడుతుందా?" అని నసిగారు. అది నేను ఊహించిందే. ఊహించనిది అత్తమ్మ నుంచి వచ్చింది.

"ఇద్దరాడోళ్లం ఉండి కొనుక్కొని తినుడేంది? నలుగురు వింటె నవ్వరా? మీరు పోన్రి. నేను ఇంటికాడ ఉంట. నాకెందుకే ఆ తిరుగుడు?"

రెండు రోజులు బతిమాలాను. లాభం లేకపోయింది. చివరకు మనవడు వెళ్లి ఒళ్లో కూర్చుని "నువ్వు రాకుంటె నేను గూడ పోను నాయినమ్మా" అన్నాడు. అంతే, కరిగిపోయింది. అయినా శుక్రవారం రాత్రి నేను చూడకుండా సంచీ అడుగున సకినాల డబ్బా పెట్టింది. చూశాను గానీ చూడనట్టు ఊరుకున్నాను. సకినాలకు పొయ్యి అక్కర్లేదు కదా!

టికెట్ ఇద్దరికే

కారు మాట్లాడదామన్నారు మావారు. వద్దన్నాను. 2023 డిసెంబరు 9 నుంచి మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదాయె. పాలకుర్తిలో బస్సు మారి హన్మకొండ చేరాం. అత్తమ్మ ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని బడిపిల్లలా కూర్చుంది. కండక్టరు మావారి దగ్గరా, మా అబ్బాయి దగ్గరా మాత్రం డబ్బులు తీసుకుంటే, "చూసినవా? ఇన్నేండ్లకు మొగోళ్లకే టికెట్ పడ్డది!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

హన్మకొండలో ఏటూరునాగారం వైపు వెళ్లే బస్సెక్కాం. మల్లంపల్లి దాటి ములుగు దగ్గరపడుతుంటే దారిపక్కన గట్టమ్మ తల్లి గుడి. బస్సులో ఉన్నవాళ్లంతా కూర్చున్నచోటి నుంచే దండాలు పెట్టారు. ములుగు దాటి చల్వాయిలో దిగి, ఆటో మాట్లాడుకుని లక్నవరం చేరేసరికి మధ్యాహ్నం పన్నెండయింది.

కట్ట ఎక్కి చూస్తే... నీళ్లు, నీళ్లు, ఎటు చూసినా నీళ్లు! వాటి మధ్య పచ్చని కుప్పలు పోసినట్టు దీవులు. అత్తమ్మ నోటి మాట రాక నిలబడిపోయింది. కాసేపటికి "ఇంత నీళ్లు ఒక్కకాడ ఎన్నడు చూడలే" అంది.

ఊగే వంతెన

దీవికి వెళ్లాలంటే ఇనుప తీగలతో కట్టిన ఉయ్యాల వంతెన మీద నడవాలి. పొడవు 160 మీటర్లట. అడుగు వేస్తే చాలు, ఊగుతుంది. పిల్లలు పరుగెత్తారు. అత్తమ్మ మొదట్లోనే ఆగిపోయింది. "నా కాళ్లు వణుకుతున్నయ్, నేను రాను" అంది.

"నువ్వు నీళ్లు చూడకు అత్తమ్మా, నన్ను చూడు" అని రెండు చేతులూ పట్టుకుని నేను వెనక్కి నడిచాను. సగం దూరం పోయాక ఆమె ఆగింది. భయపడిందేమో అనుకున్నాను. కాదు. నా చేతులు వదిలేసి, ఒక చెయ్యి తీగ మీద వేసి, మొదటిసారి కిందికి చూసింది. "మగ్గం మీద పడుగు ఊగినట్టు ఊగుతున్నదే!" అంది. మిగతా సగం తనే నడిచింది.

భోజనం దీవి మీదనే హోటల్లో. అన్నం, పప్పు, చేపల పులుసు. తినడం అయ్యిందో లేదో అత్తమ్మ లేచి అందరి ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. వడ్డించే కుర్రాడు పరుగెత్తుకొచ్చి "పెద్దమ్మా, ఉండనియ్, నేను తీస్త" అన్నాడు. ఆమె ఆ ప్లేట్లు వదల్లేక వదిలి, ఖాళీ చేతులతో అలాగే నిలబడిపోయింది. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. నాకు ఆ క్షణంలో ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి.

'ఇప్పుడు నేనేం చెయ్యాలె?'

సాయంత్రం మావారూ పిల్లలూ పడవ ఎక్కుదామన్నారు. అత్తమ్మ గట్టిగా వద్దంది. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్లే పడవ గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అందులో మా కాజీపేట పక్కనున్న కడిపికొండ వాళ్లు కూడా ఉన్నారు. కొందరే తిరిగొచ్చారు. ఆ రోజుల్లో మా ప్రాంతంలో ఏ ఇంట విన్నా అదే మాట. అందుకే నేను కూడా పడవవాళ్లు లైఫ్ జాకెట్లు ఇచ్చి, పిల్లలకు బకిళ్లన్నీ బిగించేదాకా పక్కనే నిలబడి చూశాను. ఎంతమందిని ఎక్కిస్తున్నారో కూడా లెక్కపెట్టాను. తప్పేముంది? అడగడానికి సిగ్గుపడితే ఎలా?

వాళ్లు వెళ్లాక మేమిద్దరమే మిగిలాం. నీళ్ల వైపు ముఖం పెట్టి రెండు కుర్చీలు వేసుకున్నాం. అయిదు నిమిషాలు గడిచాయో లేదో,

"బిడ్డా, ఇప్పుడు నేనేం చెయ్యాలె?" అంది.

"ఏం చెయ్యొద్దు."

"ఏం చెయ్యకుండ ఎట్లుంటరే?"

నాకు జవాబు దొరకలేదు. ఎందుకంటే నాకూ తెలియదు! నా చెయ్యి కూడా అప్పటికే నా చీర అంచు దారాలు లాగుతోంది.

ఇంటికొచ్చాక మా అమ్మాయి చదివి చెప్పింది. మన దేశంలో 2019లో ప్రభుత్వం చేసిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని తేలిందట. అంటే ఇంచుమించు అయిదు గంటలు. ఇంటిపని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. అసలు ఇంటిపని ముట్టుకునే మగవాళ్లు నూటికి 26 మందే! ఇక చేనేత సంగతికొస్తే, 2019-20లో చేసిన చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షలకు పైగా పనివాళ్లు లెక్కకొస్తే, అందులో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లే. అయినా మా వీధిలో ఎవరినన్నా అడగండి, "నేతగాడు" అంటారు గానీ కండెలు చుట్టే చేతుల మాటెత్తరు.

ఆ సాయంత్రం ఈ లెక్కలేవీ నాకు తెలియవు. పక్కన కూర్చున్న మనిషి మాత్రం తెలుసు అనుకున్నాను. అదీ పొరపాటే.

పక్కనే ఉండి చూడని సముద్రం

పొద్దుగూకుతుంటే నీళ్లు ఎర్రబడ్డాయి. అత్తమ్మ వాటినే చూస్తూ మెల్లగా మొదలుపెట్టింది.

"మీ మామ, నేను భివండిల మూడేండ్లున్నం. మీ ఆయన అప్పటికి చంకల పిల్లగాడు."

భివండికి వెళ్లారని తెలుసు. మా ప్రాంతం నుంచి నేతపని వెతుక్కుంటూ భివండి, సూరత్, షోలాపూర్ వెళ్లని ఇల్లు అరుదు. కానీ అక్కడి సంగతులు ఆమె ఎప్పుడూ చెప్పలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

"ఒకటే అర్ర. రాత్రి, పగలు సాంచెల సప్పుడే. అందరు అంటుండె, బొంబాయి దగ్గర్నే, రైలెక్కితె సముద్రమని. మీ మామ ఒక ఐతారం తీస్కపోతనన్నడు. ఆ ఐతారం ఎవరో చుట్టాలొచ్చిన్రు. వంట చేసిన. ఇంకో ఐతారం పిల్లగానికి జరమొచ్చె. ఇంకోసారి బట్టలు నానబెట్టుకున్న. గట్లనే మూడేండ్లు పోయినయ్. సముద్రం చూడకుంటనే ఇంటికొచ్చినం."

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఫిర్యాదు కూడా లేదు. బియ్యం లెక్క చెప్పినట్టు చెప్పింది. అదే నన్ను ఎక్కువ కోసేసింది.

"అమాసకు మగ్గం ఆగుతది. మీ మామ ఆ దినం ఊరంత తిరిగొస్తుండె. నాకు అమాసంటె ఇల్లు అలుకుడు, తల మీద నీళ్లు, పూజ, రెండు కూరలు. మగ్గానికున్న సెలవు నాకు లేకపాయె" అని చిన్నగా నవ్వింది. "నీకు గూడ గంతే కదనె. నేను చూస్తలేనా!"

'చూస్తలేనా' అన్న ఆ ఒక్క మాట కోసం నేను పదిహేనేళ్లు ఎదురుచూశానని అప్పుడు తెలిసింది. అత్తాకోడళ్లం ఒకే వంటింట్లో ఇన్నేళ్లు తిరిగాం. ఉప్పు ఎక్కువైందనీ, పాలు పొంగాయనీ మాట్లాడుకున్నాం. ఇలా పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక దీవికి రావాల్సి వచ్చింది!

పడవ దిగి పిల్లలు వచ్చేసరికి చీకటి పడింది. మనవడిని పిలిచి అడిగింది. "అవ్‌రా, సముద్రమంటె గిట్లనే ఉంటదా?"

"ఇది చెరువు నాయినమ్మా. సముద్రమైతే అవతలి ఒడ్డు కనబడదు."

ఆమె చీకట్లోకి చూసింది. "ఇప్పుడు నాకు కనబడ్తలేదు. చాలు" అంది.

ఆదివారం పొద్దున

మర్నాడు కళ్లు తెరిచేసరికి ఏడయింది. ఏడు! పెళ్లయ్యాక జ్వరం లేకుండా ఏడింటిదాకా పడుకున్నది అదే మొదటిసారి. బయట మంచు పట్టి దీవులు కనబడడం లేదు. అత్తమ్మ అప్పటికే కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో చాయ్ గ్లాసు. తనే పెట్టుకోని చాయ్!

నన్ను చూసి, నీళ్ల వైపు తల తిప్పి అడిగింది. "ఆ లైఫు జాకిట్లల్ల నాకు సరిపోయేది ఉంటదేమో అడుగు."

ఉంది. ఎక్కింది. పడవ కదిలినంతసేపూ నా చెయ్యి వదల్లేదు, కళ్లు మాత్రం మూసుకోలేదు.

తిరుగుదారిలో జంగాలపల్లి దగ్గర దిగి, ఆటోలో పాలంపేట రామప్ప గుడికి వెళ్లాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నీళ్లలో తేలే ఇటుకలతో గోపురం కట్టారని మావారు పిల్లలకు చెబుతుంటే, అత్తమ్మ మాత్రం ఎత్తు మడమల చెప్పులేసుకున్న రాతి బొమ్మ దగ్గర ఆగిపోయింది. "ఎనిమిది వందల ఏండ్ల కిందనే గింత సోకా!" అని మా అమ్మాయిని మోచేత్తో పొడిచి నవ్వింది. సకినాల డబ్బా ఆ గుడి పచ్చిక మీదే ఖాళీ అయింది.

తిరిగొచ్చాక...

ఇల్లు చేరగానే ఏమయింది? మీరూహించిందే. రెండు రోజుల బట్టలు, దుమ్ము పట్టిన ఇల్లు, రాత్రి వంట... అన్నీ గడపలోనే కాచుకుని ఉన్నాయి. సెలవంటే పని వాయిదా పడడమేనా, తగ్గడం లేదా అనిపించి నీరసం వచ్చింది. నేను వంటింటి వైపు కదులుతుంటే అత్తమ్మ మావారిని పిలిచింది.

"బిడ్డా, నువ్వు బియ్యం కడుగు. పిల్లగాడు బట్టలు నానబెడ్తడు. మేం ఇప్పుడే దీవి నుంచి వచ్చినం" అంది!

మావారు బిత్తరపోయారు. కానీ తల్లి మాట కదా, కాదనలేదు. ఆ రాత్రి అన్నం కొంచెం మెత్తబడింది. అయినా రుచిగానే ఉంది.

అప్పటి నుంచి మా ఇంట్లో అంతా మారిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. మావారు ఇప్పటికీ పప్పు డబ్బా ఎక్కడుందని అరుస్తూనే ఉంటారు. కానీ ఒక్కటి మారింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తమ్మ కండెలు ముట్టదు, నేను మిషను ముట్టను. ఇద్దరం వాకిట్లో కూర్చుంటాం. రాత్రి వంట తండ్రీకొడుకులది. ఎవరైనా చుట్టాలొచ్చి "ఏం చేస్తున్నరు?" అని అడిగితే అత్తమ్మ చెప్పే జవాబు ఒకటే.

"దీవి మీదున్నం."

మీరూ వెళ్లాలనుకుంటే...

- వానలు వెలిసినప్పటి నుంచి ఫిబ్రవరి దాకా చెరువు నిండుగా ఉంటుంది, ఎండ బాధా ఉండదు. వేసవిలో నీళ్లు తగ్గుతాయి.

- మేడారం జాతర రెండేళ్లకోసారి. ఆ రోజుల్లో ఈ దారంతా కిటకిటలాడుతుంది. ఆ వారాలు తప్పించండి.

- శని, ఆదివారాలైతే గదులు ముందుగానే బుక్ చేసుకోండి. ఒక్క రోజులో చూసి వచ్చేవాళ్లు పొద్దున్నే బయలుదేరడం మంచిది.

- చుట్టూ అడవి. దోమలకు రాసుకునే మందు, చలికాలమైతే స్వెటర్లు, పెద్దవాళ్ల మందుబిళ్లలు మరిచిపోవద్దు.

- లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కకండి. పిల్లలను నీళ్లలోకి దిగనివ్వకండి.

- బస్సులో వెళ్లే ఆడవాళ్లు ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి.

- అన్నిటికంటే ముఖ్యం... పొయ్యిని ఇంట్లోనే వదిలి వెళ్లండి!